మరువదలచిన జ్ఞాపకం: మెదడు చేసే నిగ్రహం



నిన్న మంగళహారతి అయిన తరువాత అందరూ ప్రసాదం స్వీకరించి వెళ్ళిపోతున్నారు. ఒక పెద్దావిడ మాత్రం మండపంలో స్తంభానికి ఆనుకొని అలాగే కూర్చుండిపోయారు. డెబ్బది ఏళ్ళు దాటిన మనిషి. దివిసీమలో నాగాయలంక వైపు పల్లె ఆమెది. ఇప్పుడు విజయవాడలో కూతురి వద్ద ఉంటున్నారు. నేను వేదిక దిగి వస్తూండగా లేచి నమస్కరించి, "అయ్యా, ఒక సంగతి అడుగుతాను, తప్పయితే మన్నించండి. మరిచిపోవాలని కోరుకోవడం పాపమా?" అన్నారు.

"దేనిని మరిచిపోవాలమ్మా?" అని అడిగాను. ఆమె చెప్పినదానిని ఆమె అనుమతితోనే మీకు మనవి చేస్తున్నాను. పేరు చెప్పను. మీలో ఆమెను ఎరిగినవారు ఉన్నా పైకి అనవద్దని ప్రార్థన.

ఉప్పెన నాటికి ఆమెకు నాలుగేళ్ళ కొడుకు. నీరు ఇంటి చూరును దాటినప్పుడు పిల్లవాడిని భుజాన వేసికొని తుమ్మచెట్టును పట్టుకున్నారు. రెండవ కెరటానికి పిల్లవాడు చేతిలోనుంచి జారిపోయాడు. ఆమె చెట్టునే పట్టుకొని తెల్లవారేదాకా ఉన్నారు. అంతే. ఇప్పటికీ కూతురి ఇంటి పక్క మేడ మీద నీళ్ళ టాంకు నిండి రాత్రివేళ పొర్లుతుంటే ఆ చప్పుడుకు లేచి కూర్చుంటారట. అరచేతుల్లో తుమ్మముళ్ళు గుచ్చుకున్నట్లే ఉంటుందట. "జపం చేస్తున్నా పోదు. ఆ నీళ్ళ చప్పుడు పోతే చాలునయ్యా. కాని అది పోవాలంటే పిల్లవాడిని కూడా మరిచిపోవాలేమోనని భయం. ఒక్కొక్క రోజు అసలు గుర్తుకే రాదు. ఆ రోజు రాత్రి, ఇదేమి తల్లిని అని నన్ను నేనే తిట్టుకుంటాను" అన్నారు.

నేను వెంటనే సమాధానం చెప్పలేదు. రేపు రండమ్మా అన్నాను. ఈ రోజు చెప్పవలసిన విషయాన్ని పక్కన పెట్టి ఆమె అడిగినదానికే సమయం ఇస్తున్నాను. ఈ డెల్టాలో ఇటువంటి ప్రశ్నను లోపల పెట్టుకొని తిరిగేవారు ఆమె ఒక్కరే కారని నాకు తెలుసు.

నేటి యువతకు ఆ రాత్రి తెలియదు. 1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసమే. బంగాళాఖాతంలో పుట్టిన పెనుతుఫాను మన తీరాన్ని తాకినది. గాలి కన్నా నీరే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది. సముద్రం సుమారు 5 మీటర్లు, అంటే మూడు నిలువుల ఎత్తు లేచి ఊళ్ళమీద పడినది. కృష్ణమ్మ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే నడిమి నేల దివిసీమ. పారిపోదామన్నా మిట్ట లేదు. కోడూరు, నాగాయలంక ప్రాంతాలలో, సొర్లగొంది వంటి తీరగ్రామాలలో, కుటుంబాలకు కుటుంబాలే పోయాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే మృతులు పదివేల మంది. అవనిగడ్డ సమీపంలో స్మారకస్తూపం నేటికీ ఉన్నది. యాభై ఏళ్ళు కావస్తున్నా దివిసీమలో పెద్దలు కాలాన్ని "ఉప్పెనకు ముందు, ఉప్పెన తరువాత" అనియే లెక్కిస్తారు.

అటువంటి జ్ఞాపకాన్ని మనిషి ఆపగలడా? ఆపితే ఎట్లు ఆపుతాడు? ఇది ముందు మెదడుకు సంబంధించిన ప్రశ్న. పాపపుణ్యాల మాట ఆ తరువాత. నేను వైద్యుణ్ణి కాను. కొన్నేళ్ళుగా చదివినది, తెలిసిన వైద్యులను అడిగి సరిచూసుకొన్నది చెబుతాను.

మన ఇళ్ళలో ఒక కథ ఉన్నది. ఒక వైద్యుడు రోగికి మందు ఇచ్చి, "ఇది త్రాగేటప్పుడు కోతిని మాత్రం తలచుకోకు, తలచుకుంటే మందు పనిచేయదు" అన్నాడట. అంతవరకు ఆ రోగి జన్మలో కోతిని గురించి ఆలోచించి ఎరుగడు. ఆనాటినుంచి గిన్నె నోటిదగ్గర పెట్టగానే కోతి ప్రత్యక్షం! 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఈ కథనే ప్రయోగంగా చేసినాడు. కోతికి బదులు తెల్ల ఎలుగుబంటి. అయిదు నిమిషాలు దానిని తలచుకోకండి, తలపు వస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మ్రోగుతూనే ఉన్నాయి. అంతకన్న విచిత్రం, ఆ నిషేధం ఎత్తివేసిన తరువాత, మొదటినుంచీ స్వేచ్ఛగా తలచుకున్నవారికంటె వీరికే ఎలుగుబంటి ఎక్కువసార్లు వచ్చినది. దీనినిబట్టి చాలాకాలం పండితులు, తలపును అణచడం వ్యర్థం, అణచినకొద్దీ పైకి లేస్తుంది అన్నారు. మన పెద్దావిడ అనుభవం కూడా అదే చెబుతున్నట్లు తోస్తుంది.

కాని ఆ కథలో ఒక కిటుకు ఉన్నది. కోతి వచ్చిందా, రాలేదా అని గడియగడియకూ తొంగిచూచే కాపలావాడు లోపల ఒకడు ఉన్నాడు. కోతిని పిలుస్తున్నవాడు వాడే. వెగ్నర్ తన ప్రయోగంలోనే ఇంకొక సంగతి చూచినాడు. ఎలుగుబంటి తలపు వచ్చినప్పుడల్లా దానికి బదులు ఒక ఎర్రని కారును తలచుకోండి అని చెప్పిన వారికి ఆ తరువాతి పొంగు తగ్గినది. ఈ ఎర్రకారును మనస్సులో ఉంచండి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాము.

2001లో మైకేల్ ఆండర్సన్, కొలిన్ గ్రీన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 'నేచర్' పత్రికలో వేరొక ప్రయోగం ప్రకటించారు. మనకు అర్థమయ్యేటట్లు తెలుగు మాటలతో చెబుతాను. చెరువు–గంట, తాళం–పాము, ఇలా జంటలు జంటలుగా మాటలు కంఠస్థం చేయిస్తారు. తరువాత మొదటి మాట మాత్రమే చూపుతారు. కొన్ని మాటలకు జంటను గుర్తు చేసికొమ్మంటారు. కొన్నింటికి, "ఈ మాటను కన్నార్పకుండా చూడు, కాని దీని జంటను మనస్సులోనికి రానీయకు" అంటారు. ఇలా ఒక్కొక్క దానికి 16 సార్లవరకు చేయిస్తారు. చివరకు అన్ని జంటలూ చెప్పమంటే, ఆపి ఉంచిన మాటలు, అసలు అభ్యాసమే చేయని మాటలకన్నా తక్కువగా గుర్తున్నాయి. ఎన్నిసార్లు ఎక్కువగా ఆపితే అంత ఎక్కువగా మరపు. గుర్తుచేసికుంటే డబ్బు ఇస్తామన్నా రాలేదు. వేరే ఆధారం అందించి అడిగినా రాలేదు. తేడా పెద్దది కాదు, అన్ని ప్రయోగశాలలలోనూ ఒకేలా రాలేదు కూడా. అయినా ఒక ద్వారం తెరుచుకొన్నది. అణచడం ఎల్లప్పుడూ వ్యర్థం కాదు, ఎట్లు అణచుతున్నామనేదే ప్రశ్న అని తేలినది.

వెగ్నర్ రోగి కోతికోసం కాపలా కాస్తున్నాడు. ఆండర్సన్ వద్ద కూర్చున్నవాడు, గుర్తు ఎదురుగా ఉండగా, తలపు లేవబోయే క్షణాన ఆగుతున్నాడు. పొయ్యిమీద పాలు పొంగుతుంటే గభాలున చెయ్యి చాస్తాము. గిన్నె కాలుతుందని తోచగానే సగంలో చెయ్యి ఆపుతాము. మెదడులో, ముఖ్యంగా నుదుటి వెనుక కుడిభాగంలో, ఆ ఆపే పనిని చేసే వ్యవస్థ ఉన్నది. చేతిని ఆపే ఆ వ్యవస్థయే తలపును కూడా ఆపుతున్నదని ఇటీవలి పరిశోధనలు చూపుతున్నాయి.

ఇక్కడ జ్ఞాపకం అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. జ్ఞాపకం అనేది పెట్టెలో దాచిన ఫొటో కాదు. చూచినది మెదడు వెనుకభాగంలో, విన్నది పక్కభాగాలలో, భయం బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే చోట, ఇలా ముక్కలుగా ఉంటాయి. వీటిని ఒక దారానికి గ్రుచ్చేది హిప్పోకాంపస్. చెవుల లోపలి వైపుకు, మెదడు లోతున, గుర్రపు ముఖం గల ఒక చిన్న సముద్రపు చేప ఆకారంలో ఉంటుంది కనుక ఆ పేరు. దారం ఒక కొన తగిలితే చాలు, దండ అంతా పైకి వస్తుంది. టాంకు పొర్లిన చప్పుడు ఒక పూస. దానితో తుమ్మముళ్ళు, చీకటి, ఉప్పునీరు, జారిపోయిన చెయ్యి అన్నీ వస్తాయి. ఆమె కోరి తెచ్చుకోవడం లేదు, దారం దానంతట అదే లాగబడుతున్నది.

2004లో ఆండర్సన్, మరికొందరు కలిసి, తలపును ఆపుతున్నవారి మెదడును యంత్రంతో చూచారు. నుదుటి వెనుకభాగం చురుకైనప్పుడు హిప్పోకాంపస్ పని మందగించినది. పైనుంచి ఆజ్ఞ, లోపల నిదానం. ఆ ఆజ్ఞ పాటింపబడాలంటే హిప్పోకాంపస్‌లోనే 'గాబా' అనే రసాయనం తగినంత ఉండాలని 2017లో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో ప్రకటితమైనది. గాబా పని నాడీకణాలను శాంతింపజేయడం. ఎవరి హిప్పోకాంపస్‌లో అది ఎక్కువగా ఉన్నదో వారు తలపును బాగా ఆపగలిగారు. ఈ సంగతి వినండి, చాలా ముఖ్యమైనది. ఆజ్ఞ ఇచ్చేవాడు ఎంత బలవంతుడైనా, అక్కడ పనివాడు లేకపోతే పని జరగదు. "నీకు మనోబలం లేదు, అందుకే మరవలేకపోతున్నావు" అని దుఃఖంలో ఉన్నవారిని దెప్పేవారు దీనిని గుర్తించాలి. మనోబలం ఉన్నా లోపలి రసాయనం సహకరించకపోవచ్చు.

మరచిపోవడానికి త్రాగుతున్నాను అనేవారు ఉంటారు. మద్యం కూడా ఈ గాబా పనినే పెంచుతుంది. కాని ఒక చోట కాదు, మెదడంతా. ఆజ్ఞ ఇవ్వవలసిన నుదుటిభాగాన్నే ముందు పడుకోబెడుతుంది. రాత్రి రెండవ సగంలో నిద్రను చెడగొడుతుంది. ఉప్పెన తరువాత ఆ దారిన పోయిన ఇళ్ళను నేను ఎరుగుదును.

మన బెజవాడవారికి ఈ మెదడు వ్యవహారం చెప్పడానికి వేరే ఉపమానం అక్కరలేదు. 1855 నాటికి కాటన్ దొరగారి యోచనతో ఇక్కడ ఆనకట్ట తయారైనది. 1957లో దానికి బదులు ప్రకాశం బ్యారేజీ వచ్చినది. 70 గేట్లు. గేటు దించినంతమాత్రాన నీరు నశించదు, పైన నిలిచి ఉంటుంది. ఎంత వదలాలి, ఎప్పుడు వదలాలి, ఏ కాలువకు వదలాలి అనేది మన చేతిలోనికి వస్తుంది. జ్ఞాపకాన్ని ఆపడం అంటే తుడిచివేయడం కాదని పరిశోధకులు చెప్పేది కూడా ఇటువంటిదే. తుడిచివేసే గేటు మెదడులో లేదు. రాకను తగ్గించే గేటు ఉన్నది. మాటిమాటికీ తగ్గిస్తే ఆ దారి కొంత పూడుకుపోతుంది.

ఈ ఆపడంలోని నేర్పును శాస్త్రజ్ఞులకన్న ముందే సభలో కూర్చొని చూచిన జాతి మనది. అవధానం సంగతి చెబుతున్నాను. తిరుపతి వేంకట కవులు ఈ కళను ఊరూరా తీసికొనిపోయారు. వారిలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరు హైస్కూలులో తెలుగు పండితులుగా ఉన్నారు. విశ్వనాథ సత్యనారాయణగారు అక్కడ వారి శిష్యులే. అవధానం అనగానే మనం ధారణను మెచ్చుకుంటాము. ఎనిమిదిమంది అడిగినవి ఎంత బాగా గుర్తుంచుకున్నాడో అంటాము. నిజమే. కాని నిషేధాక్షరిని గమనించండి. అవధాని వ్రాయబోయే అక్షరాన్ని ఊహించి పృచ్ఛకుడు వద్దంటాడు. నాలుకమీదికి వచ్చిన మాటను అవధాని అక్కడే ఆపి, వేరొక అక్షరంతో వేరొక మాటను పట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగి ఒక పక్కనుంచి గిల్లుతూ ఉంటాడు. సమస్యకు చెందిన పాదం దత్తపదిలోనికి రాకూడదు. వర్ణనకు చెందినది సమస్యలోనికి రాకూడదు. ఏడింటిని వెనుక ఆపగలిగినవాడే ఎనిమిదవదానిని ముందుకు తేగలడు. జ్ఞాపకశక్తి అని మనం పొగిడేదానిలో సగం ఆపగల శక్తియే.

భగవద్గీత 15వ అధ్యాయం 15వ శ్లోకంలో భగవానుడు స్మృతిని, జ్ఞానాన్ని చెప్పి, వెంటనే అపోహనాన్ని కూడా చెప్పినాడు. అపోహనం అంటే తొలగిపోవడం. మూడూ నానుండియే కలుగుతున్నవి అన్నాడు. ప్రవచనాలలో మనం మొదటి రెండింటి దగ్గర ఆగిపోతాము. నేను కూడా అట్లే ఆగిపోయినవాణ్ణి. మూడవదాని మీద కాలం వెచ్చించలేదు. తొలగిపోవడం కూడా ఒక వరమే అయితే, కొన్ని రోజులు పిల్లవాడు గుర్తుకు రాని తల్లి ఏ నేరం చేసినట్లు? ఆమె మెదడు ఆమెను బ్రతికించడానికి తన పని తాను చేసినది.

ఇప్పుడు ఎర్రకారు దగ్గరకు వద్దాము. ఆండర్సన్, రోలండ్ బెన్వా అనే వారు 2012లో చూపినది ఏమంటే, అనవసరపు తలపును వదిలించుకోవడానికి మెదడులో రెండు వేరువేరు దారులు ఉన్నాయి. ఒకటి, తిన్నగా ఆపడం. ఇందులో నుదుటి కుడిభాగం హిప్పోకాంపస్‌ను నిదానింపజేస్తుంది. రెండవది, ఆ గుర్తుకు వేరొక తలపును జత చేయడం. ఇందులో హిప్పోకాంపస్ ఆగదు. ఎడమవైపు భాగాలు దానికి వేరొక పని అప్పగిస్తాయి. రెండు దారులూ మరపుకే చేరుతాయి.

ఈ రెండవ దారి మన శాస్త్రానికి కొత్త కాదు. పతంజలి యోగసూత్రాలలో రెండవ పాదం 33వ సూత్రంలో ప్రతిపక్షభావన అనే మాట ఉన్నది. పీడించే తలపులు లేచినప్పుడు దానికి ఎదురైన భావాన్ని నిలుపుకొమ్మని అక్కడి ఉపదేశం. మనవారు అన్నీ ముందే చెప్పేశారు అని చప్పట్లు కొట్టించుకోవడం నా ఉద్దేశం కాదు. పతంజలి ఆ సందర్భంలో హింస, అసత్యం వంటి తలపులను గురించి చెప్పినాడు గాని ఉప్పెనలో బిడ్డను పోగొట్టుకున్న తల్లిని గురించి కాదు. ఆయన వద్ద మెదడును చూపే యంత్రమూ లేదు. అయినా లోపలికి చూచి కనిపెట్టినదానిలో, బయటనుంచి కొలిచినదానిలో ఒక పోలిక ఉన్నదంటే, అది వాడుకోదగినదే కదా!

ఎట్లు వాడుకోవాలి? "ఆ చప్పుడు రాకూడదు, రాకూడదు" అని జపం మధ్యలో అనుకోవడం కోతి కథ అవుతుంది. ఆమె నాతో అన్నది అదే. జపమాల త్రిప్పుతూ, చప్పుడు వచ్చిందా అని చూచుకుంటున్నారట. అందుకు బదులు టాంకు చప్పుడుకే కొత్త జంటను ముందుగా కట్టి ఉంచుకోవాలి. ఆ చప్పుడు వినబడగానే పలికే ఒక నామమో, కూతురి బిడ్డకు స్నానం చేయించిన ఒక ఉదయమో, ఏదో ఒకటి. పగటిపూట, మనస్సు నెమ్మదిగా ఉన్నప్పుడు, పదిసార్లు అభ్యాసం చేయాలి. ఒకటి రెండు రోజులకు పోదు. గీత 6వ అధ్యాయంలో మనస్సు పారిపోయినప్పుడల్లా తిరిగి తెచ్చుకొమ్మన్న చోట కూడా, ఎన్నిసార్లో లెక్క చెప్పలేదు.

అభ్యాసంతో మేలు కలుగుతుందా? 2023లో జుల్కైదా మమత్, ఆండర్సన్ ప్రకటించిన పరిశోధనలో 16 దేశాలకు చెందిన 120 మంది పాల్గొన్నారు. కరోనా కాలంలో చేసిన పని. తమను పీడించే భయాలను, గుర్తు ఎదురుగా ఉండగా, లోపలికి రానీయకుండా ఆపడం మూడు రోజులు నేర్పారు. ఆ తలపుల పదును తగ్గినది, మనస్సు తేలికపడినది. మూడు నెలల తరువాత కూడా చాలావరకు ఆ మేలు నిలిచినది. అందరూ భయపడినట్లు, అణచినది రెట్టింపై తిరిగిరాలేదు. అప్పటికే ఎక్కువ బాధలో ఉన్నవారికే ఎక్కువ మేలు కలిగిందట.

అయితే ఈ గేట్లకు కూడా ప్రమాదాలు ఉంటాయి. 2024 సెప్టెంబరు మొదటి వారం మీకందరికీ జ్ఞాపకమే. బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చినది. అంతకుముందు ఎన్నడూ అంత రాలేదు. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల వద్ద బరువుదిమ్మెలకు తగిలి వాటిని విరగగొట్టాయి. మనమందరం కృష్ణ వైపే చూస్తున్నాము. ఊరు మునిగినది మాత్రం వెనుకనుంచి. బుడమేరు కట్టకు గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీటిలో ఉన్నది.

జ్ఞాపకం విషయంలోనూ ఇట్లే జరుగుతుంది. 2015 నవంబరు 13న పారిస్ నగరంలో ఉగ్రవాదుల దాడులు జరిగాయి. బ్రతికి బయటపడినవారిలో 102 మందిని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2020లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. ఒకే దాడి, ఒకే రాత్రి. వారిలో 55 మంది, ఆ దృశ్యాలు మళ్ళీమళ్ళీ ముంచెత్తే వ్యాధితో బాధపడుతున్నారు. 47 మందికి ఆ వ్యాధి లేదు. తలపు చొరబడినప్పుడు, వ్యాధి లేనివారి మెదడులో నుదుటిభాగం తక్కిన భాగాలను వెంటనే అదుపులోనికి తెచ్చినది. వ్యాధి ఉన్నవారిలో ఆ అదుపు సడలిపోయినది. గేటుకు తగిలిన పడవల వంటి గాయం అది. వారు ప్రయత్నించడం లేదని కాదు, ప్రయత్నించినా గేటు దిగడం లేదు. అటువంటప్పుడు ఆ తలపుకు సంబంధించిన చోట్లను, మనుషులను, మాటలను తప్పించుకొని తిరగడం అలవాటవుతుంది. సముద్రం చూడరు, వాన పడితే తలుపులు బిగిస్తారు, ఆ ఊరి పెళ్ళికి పోరు. ముందు గేటు ఆగిందని అనుకుంటూ ఉండగా వెనుక బుడమేరు వస్తుంది. గుండెదడ, చెమట, కోపం, నిద్రలేమి.

నిద్ర మాట ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రి నిద్ర లేనివారిలో నుదుటిభాగం తలపును ఆపలేకపోతున్నదని, హిప్పోకాంపస్ అదుపు తప్పుతున్నదని ఇటీవల ప్రయోగాలు చూపాయి. కలలు వచ్చే నిద్రాఘట్టం ఎక్కువగా ఉన్నవారికి మరునాడు ఈ శక్తి బాగా ఉన్నది. ఇక చక్రం చూడండి. జ్ఞాపకం నిద్రను చెడగొడుతుంది, నిద్ర చెడితే జ్ఞాపకం ఆగదు. ఈ పెద్దావిడ కార్తీకంలో తెల్లవారుజామున మూడు గంటలకే లేచి స్నానం చేసి దీపం పెడుతున్నారు. రాత్రి రెండు గంటలు కూడా నిద్ర లేదు. పుణ్యం కోసం చేస్తున్న పని ఆమె బాధను పెంచుతున్నదేమో! ముందు ఆరు గంటలు నిద్రపోండమ్మా, ప్రదోషవేళ దీపం పెట్టినా స్వామి కోపగించడు అని చెప్పాను. మీలో కొందరికి ఈ సలహా నచ్చకపోవచ్చు.

వ్యాధి స్థితికి చేరినవారికి ప్రతిపక్షభావన ఒక్కటే చాలదు. వైద్యం ఉన్నది. ఇందులో ఒక ఆశ్చర్యం ఏమంటే, ఆ వైద్యంలో ముఖ్యమైన భాగం జ్ఞాపకాన్ని ఆపడం కాదు, తెరవడం. భద్రమైన చోట, తెలిసినవారి ఎదుట, ఆ రాత్రిని మొదటినుంచి చివరిదాకా మెల్లగా, మరల మరల చెప్పించడం. నీరు కాలువలోనికి వదలినట్లు. బ్యారేజీ కట్టినది నీటిని బంధించి ఉంచడానికి కాదు కదా, ఏలూరు కాలువకు, బందరు కాలువకు కొలిచి వదలడానికి. వైద్యుని వద్దకు పోవడానికి మొగమాటమైతే, 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ సేవ ఉన్నది. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు తీసికోరు.

మన ఆబ్దికాన్ని నేను ఇప్పుడు ఈ కంటితో చూస్తున్నాను. సంవత్సరంలో ఒక తిథి, ఒక ఆసనం, పేరు, గోత్రం, నువ్వులు, నీరు. ఆ రోజు తప్పక తలచుకోవాలి. తక్కిన రోజులలో ఎడతెగక తలచుకుంటూ ఉండాలన్న నిర్బంధం లేదు. గేటు ఎత్తే రోజు ఒకటి నిర్ణయించారు. నాలుగేళ్ళ పిల్లవాడికి ఆబ్దికం పెట్టే ఆచారం లేదు కనుక ఈ తల్లికి ఆ రోజు కూడా దొరకలేదు. యాభై ఏళ్ళుగా గేటు ఎప్పుడు ఎత్తాలో తెలియక రాత్రింబవళ్ళు కాపలా కాస్తున్నారు.

ఇక ఆమె రెండవ భయం, చప్పుడు పోతే పిల్లవాడు కూడా పోతాడని. పతంజలి స్మృతిని చిత్తవృత్తులలో అయిదవదిగా చెప్పి, ఏ వృత్తియైనా క్లేశం కలిగించేది కావచ్చు, కలిగించనిది కావచ్చు అన్నాడు. అంటే స్మృతి అంతా ఒకటి కాదు. పరిశోధనలు కూడా దీనికి దగ్గరగానే ఉన్నాయి. తలపును ఆపినప్పుడు హిప్పోకాంపస్‌తోపాటు భయస్థానమైన అమిగ్డలా కూడా నెమ్మదిస్తుందని 2017లో చూపారు. తరువాత ఆ దృశ్యం కనబడినా దాని కాటు తగ్గుతుంది. సంగతి ఉంటుంది, ముల్లు మొద్దుబారుతుంది.

ఇంకొకటి ఉన్నది. 2016లో ఆండర్సన్ బృందం 'మరపు నీడ' వంటి దానిని కనిపెట్టినది. ఒక తలపును ఆపడానికి హిప్పోకాంపస్‌ను నిదానింపజేసినప్పుడు, ఆ ముందు వెనుకల జరిగిన, ఏ సంబంధమూ లేని సంగతులు కూడా సరిగా గుర్తుండడం లేదు. గేటు దించితే ఆ కాలువ కింద ఉన్న పొలాలన్నింటికీ నీరు ఆగినట్లు. ఎడతెగకుండా ఆపుతూ ఉండేవారు మాటిమాటికీ తాళంచెవులు మరచిపోతున్నారంటే, పొయ్యిమీద పాలు మరచిపోతున్నారంటే, ముసలితనమని గాని, పిచ్చి అని గాని ఇంటివారు తొందరపడి అనవద్దు.

నేను ఈ నీడ మాట ఇందాక ప్రసంగానికి ముందు ఆమెకు చెప్పి, "పిల్లవాడిని గురించి, ఆ రాత్రి కాక, ఇంకేమైనా చెప్పండమ్మా" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, వాడు పెరుగన్నం తినేవాడు కాడని, ముద్దలో బెల్లంముక్క దాచి పెడితే ముందు బెల్లం వెతికి తిని అన్నం వదిలేసేవాడని చెప్పారు. చెప్పి, తన మాటకు తానే నివ్వెరపోయి, పక్కనున్న కూతురి చెయ్యి పట్టుకొని, "ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు కదే!" అన్నారు.